పద్నాలుగో పాఠంలో తమ్ముడు

పద్నాలుగో పాఠంలోకి ఆ 'డి' మళ్ళీ వచ్చి కూర్చుంది.

ప్రూఫక్క స్టీలు స్కేలును ఆ వరస కింద ఆనించి, ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేసి, మార్జిన్‌లోకి గీత లాగి చివర చిన్న కొక్కెం వేసింది. 'డిడ్ నాట్ యూజ్డ్ టు' అని ఉన్నది 'డిడ్ నాట్ యూజ్ టు' అయింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా, పుస్తకం కొత్తగా అచ్చువేసిన ప్రతిసారీ ఆమె ఆ 'డి'ని తీసేస్తూనే ఉంది. తలుపు సందులోంచి దూరే పిల్లిలా అది వస్తూనే ఉంది.

"కంపోజరూ, డిడ్ పక్కన యూజ్‌కి తోక పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"నేను పెట్టలేదక్కా, కంప్యూటరే పెట్టింది," అన్నాడు కంపోజరు తెర మీంచి కళ్ళు తిప్పకుండా. ఆయన బట్టతల మీద ట్యూబులైటు మెరుస్తోంది.

"కంప్యూటరుకి వేళ్ళు మొలిచాయా ఏమిటి?"

"అయినా అయిపోయిన కాలమని ఇద్దరు చెబితే తప్పేంటక్కా? ఒకరు మర్చిపోయినా ఇంకొకరు గుర్తు చేస్తారు."

"మూట డిడ్ నెత్తిన ఉంది. ఒకరు మోసేదానికి ఇద్దరెందుకు? దింపు."

కంపోజరు నిట్టూర్చి 'డి'ని దింపాడు. ఆ పక్కనే తెలియకుండా ఒక కామా ఎక్కించాడు. అది రేపటి ప్రూఫులో దొరుకుతుందని ఇద్దరికీ తెలుసు.

ప్రెస్సు ఒక పాత మేడ కింది అంతస్తులో ఉంది. ముందు గదిలో యజమాని బల్ల, మధ్య గదిలో కంపోజింగూ ప్రూఫులూ, వెనక మిషను. మిషను తిరుగుతున్నంతసేపూ ప్రూఫక్క గ్లాసులో నీళ్ళు సన్నగా వణుకుతూ ఉంటాయి. వణుకు ఆగిందంటే కాగితం చిక్కుకుందనో, మిషనతను టీకి వెళ్ళాడనో తల ఎత్తకుండానే ఆమెకు తెలిసిపోతుంది. అరవై ఏళ్ళ మనిషి. సన్నగా, పొట్టిగా ఉంటుంది. కుడిచేతి నడిమివేలు మీద పెన్ను ఒత్తిన కాయ చింతగింజంత ఉంటుంది. చదివేటప్పుడు పెదవులు కదుపుతుంది. చదవడం అయ్యాక ఒకసారి పేజీని కింది నుంచి పైకి, మాట తర్వాత మాట, వెనక్కి చదువుతుంది. అర్థం అడ్డం రాకపోతే తప్పు తేలిగ్గా కనిపిస్తుందని ఆమె నమ్మకం. పెళ్ళి కార్డు ఇవ్వడానికి ఇంటికి వచ్చిన చుట్టాలు, ఆమె దాన్ని చివరిదాకా చదివి పక్కన పెట్టేవరకూ ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

ఆమె పెళ్ళి ఎందుకు కాలేదంటే చెప్పుకోదగ్గ కారణం లేదు. వచ్చినవాళ్ళు ఆమెకు నచ్చలేదు, నచ్చినవాళ్ళు రాలేదు. తమ్ముడితోనూ మరదలితోనూ కలిసి ఉంటుంది. పొద్దున్న తొమ్మిదికి ప్రెస్సుకు వస్తుంది, సాయంత్రం అయిదుకు బస్సెక్కుతుంది.

ఇప్పుడు ఆమె దిద్దుతున్న పుస్తకానికి పేరు చాలా పొడుగు. పిల్లలు మాత్రం దాన్ని పసుపు గైడంటారు. పదో తరగతి ఇంగ్లీషు గ్రామరు. అట్ట మీద ఒక లెక్చరరు పేరుంటుంది. ఆయన రూల్సన్నీ రాసిచ్చి, ఉదాహరణల దగ్గరికి వచ్చేసరికి విసుగెత్తి, "ఏవో నాలుగు వాక్యాలు మీరే వేసుకోండయ్యా" అని చెయ్యి దులుపుకున్నాడట. అప్పటి పెద్ద యజమాని ఆ కాగితాలు తెచ్చి, అప్పుడే పనిలో చేరిన ప్రూఫు రీడరు ముందు పెట్టాడు. ఆమె రెండు వారాలపాటు భోజనాల విరామంలో కూర్చుని ముప్పై పాఠాలకూ వాక్యాలు రాసింది. ఎక్కడినుంచి తెస్తుంది? ఇంట్లోంచే తెచ్చింది. కారిన పైకప్పు పదకొండో పాఠంలో పాస్ట్ టెన్సయింది. పక్కవాటావాళ్ళ తగువు పన్నెండులో పాస్ట్ కంటిన్యువసయింది. తాళంచెవి పారేసుకుని నలుగురూ గుమ్మంలో కూర్చున్న సాయంత్రం పదమూడులో పాస్ట్ పర్ఫెక్టయింది. పద్నాలుగు సెమీ మోడల్స్. యూజ్డ్ టు, డేర్, నీడ్, ఆట్ టు. పూర్తి క్రియలూ కాదు, పూర్తి సహాయక క్రియలూ కాదు. గుమ్మంలో నిలబడి లోపలికి రాని, బయటికి పోని చుట్టాల్లాంటి మాటలు. ఆ పాఠంలోకి తమ్ముడు వచ్చాడు.

పదకొండున్నరకి ఒకావిడ వచ్చింది. నలభై అయిదు, నలభై ఆరు ఉంటాయి. భుజాన పెద్ద సంచి. గోళ్ళ సందుల్లో తెల్లటి సుద్ద ఎండిపోయి ఉంది. యజమాని బల్ల దగ్గర లేకపోవడంతో నేరుగా మధ్య గదిలోకి వచ్చేసింది.

"చీటీలు అచ్చుకిచ్చానండి. చిన్న డబ్బాల మీద అంటించేవి. ప్రూఫు చూసుకోమన్నారు."

"ఏం డబ్బాలమ్మా?" అన్నాడు కంపోజరు.

"పళ్ళ డబ్బాలండి. నేను పళ్ళు చేస్తాను."

"పళ్ళు చెట్లు కదమ్మా చేసేది?"

ఆవిడ నవ్వింది. ఈ హాస్యం వినడం ఆమెకు ఇది వెయ్యోసారి అయ్యుండాలి, అయినా నిజంగానే నవ్వింది. "నోట్లో పళ్ళండి. పెట్టుడు పళ్ళు. డాక్టరు కొలత తీసి పంపిస్తాడు, నేను చేసి పంపిస్తాను."

"అంటే పళ్ళ మేస్త్రివన్నమాట," అన్నాడు కంపోజరు. ఆ పేరే ఆమెకు ఖాయమైపోయింది.

చీటీ ప్రూఫు అప్పటికే ప్రూఫక్క బల్ల మీద ఉంది. ఆమె స్కేలు పెట్టి మొదటి వరస చదివి ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

"కంపోజరూ, ఇలా రా. ఇది పైకి చదువు."

కంపోజరు వంగి చదివాడు. "'పిల్లలను రాత్రి పూట తీసి చల్లటి నీళ్ళలో ఉంచవలెను. ఉదయం బ్రష్షుతో తోమవలెను.'"

"పళ్ళను," అంది ప్రూఫక్క.

"పళ్ళను," అన్నాడు కంపోజరు కూడా, గొంతు తగ్గించి.

పళ్ళ మేస్త్రి బల్ల పట్టుకుని నవ్వుతూ అలాగే కుర్చీలో కూలబడింది. నవ్వు కాస్త నెమ్మదించాక, కళ్ళు తుడుచుకుంటుంటే ఆమె చూపు పక్కనున్న కాగితాల మీద పడింది. పసుపు గైడు, పద్నాలుగో పాఠం. ఆమె మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. కాగితం చేతిలోకి తీసుకోలేదు, చదవనూ లేదు. కళ్ళు మూసుకుని, తరగతిలో లేచి నిలబడ్డ పిల్లలా ఒప్పజెప్పింది.

"మై బ్రదర్ యూజ్డ్ టు విజిల్ ఎవ్రీ మార్నింగ్. నౌ ద హౌస్ ఈజ్ క్వైట్. హి డేర్డ్ నాట్ గో టు ద డెంటిస్ట్. హి ఆట్ టు హావ్ గాన్."

మిషను ఆగింది. గ్లాసులో నీళ్ళు కదలకుండా నిలబడ్డాయి.

"ఇప్పటికీ మారలేదా ఈ వాక్యాలు!" అంది పళ్ళ మేస్త్రి. "నేను చదివి ముప్పై ఏళ్ళయింది. ఈ లెక్చరరుగారు ఇంకా ఉన్నారా? వాళ్ళ తమ్ముడు ఎలా పోయాడో మీకేమైనా తెలుసా?"

"ఆయన రాసింది రూల్సేనమ్మా," అన్నాడు కంపోజరు. "వాక్యాలన్నీ మా ప్రూఫక్కవి."

పళ్ళ మేస్త్రి లేచి నిలబడింది. ప్రూఫక్క చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. సుద్ద అంటిన ఆ చేతులు వెచ్చగా, గరుగ్గా ఉన్నాయి.

"మేడమ్, చిన్నదాన్ని, అప్పుడు చెప్పే వీలు లేదు. ఇప్పుడు చెబుతున్నాను. మీ తమ్ముడు పోయినందుకు నాకు చాలా బాధేసింది."

"ఎవరు పోయారు?" అంది ప్రూఫక్క.

"మీ తమ్ముడుగారు."

"నా తమ్ముడా? పొద్దున్న నా వాటా గుడ్డు కూడా వాడే తిన్నాడు!"

పళ్ళ మేస్త్రి ఆమె చెయ్యి వదిలి మళ్ళీ కుర్చీలో కూర్చుంది. నెమ్మదిగా చెప్పుకొచ్చింది. యూజ్డ్ టు అంటే అప్పుడుండేది, ఇప్పుడు లేదు అని టీచరు బోర్డు మీద రాసిందట. ఈల వేసేవాడు, ఇప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళే ధైర్యం చెయ్యలేదు. వెళ్ళి ఉండాల్సింది. ఇంకేం కావాలి? తరగతి తరగతంతా అతను పోయాడనే అనుకుందట. పంటి నొప్పి ముదిరి తలకెక్కిందని ఒక పిల్లా, నెత్తురు విషమైందని ఇంకో పిల్లా వాదించుకున్నారట. ఈ పిల్ల మాత్రం ఆ పూట అన్నం తినలేదు.

"అందుకే ఈ పనిలోకి వచ్చానని చెప్పనుగానీ," అంది ఆమె, "పని నేర్చుకోవడానికి ఏది చేరతావని మా నాన్న నాలుగైదు పేర్లు చదివితే, పళ్ళు అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది."

ప్రూఫక్క లెక్కవేసుకుంటోంది. ఏటా అయిదు వేల కాపీలు. ముప్పై ఒక్క ఏళ్ళు.

"లక్షన్నర మంది పిల్లలు," అంది మెల్లగా. "లక్షన్నర మంది పిల్లల చేత నా తమ్ముణ్ణి చంపించాను!"

ముందు కంపోజరు నవ్వాడు. ఆ నవ్వు ఆగకుండా దగ్గుగా మారి, ఆయన నీళ్ళకోసం ఆమె గ్లాసే తీసుకున్నాడు. అప్పుడు ప్రూఫక్కకూ నవ్వొచ్చింది. ఏళ్ళ తరబడి కామాల మీదా ఫుల్‌స్టాపుల మీదా వంగిపోయిన ఆ చిన్న భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వింది.

నవ్వింది గానీ, ఆ వాక్యాల వెనక ఉన్నది ఆమె ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

తమ్ముడికి ఈల అంటే మాట కన్నా ముందొచ్చిన విద్య. పొద్దున్నే సైకిలు తుడుస్తూ మొదలుపెట్టేవాడు. పాటలు కావు, ఆ పూటకి తోచిన వరసలు. వాటిని బట్టే ఇంట్లో టైము తెలిసేది. ఇరవయ్యారో ఏట బస్సు గ్యారేజీలో పాత ఇంజను స్టార్టు చేస్తుంటే, ఇనప హ్యాండిలు వెనక్కి తిరిగి మూతి మీద కొట్టింది. పైవరస ముందు పళ్ళు నాలుగు పోయాయి. ఒక్కసారి డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆ కుర్చీ చూసి, ఆ సూది చూసి తిరిగి వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు. మీసం పెంచాడు. అది పెరిగి పెరిగి పై పెదవిని మూసి, కింది పెదవి మీదకు వాలింది. నవ్వొస్తే భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంటాడు. ఆ ఇంట్లో అప్పటినుంచీ ఎవరూ ఈల అన్న మాట ఎత్తలేదు. వంటింట్లో కుక్కరు ఈలను కూడా కూత అనేవారు. ఎన్ని కూతలొచ్చాయి, ఇంకో కూత రానీ, అని.

ఆ ఏడే ఆమె పద్నాలుగో పాఠానికి వాక్యాలు రాయాల్సి వచ్చింది. ఇంట్లో చెప్పుకోలేనిది అక్కడ రాసుకుంది. ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు.

"నాకు చూపిస్తారా?" అంది పళ్ళ మేస్త్రి.

"ఏమిటి?"

"మీ తమ్ముణ్ణి. బతికున్నాడని కళ్ళతో చూస్తేగానీ నేను నమ్మలేను."

ప్రూఫక్క ఎర్ర పెన్నుకి మూత పెట్టింది. ఈవిడ ఇంటికొస్తే పాఠం బయటపడుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళ జాగ్రత్తంతా ఒక్క సాయంత్రంలో పోతుంది. వద్దందామని నోరు తెరిచింది. ఎదురుగా ఉన్న మొహంలో అన్నం తినని ఆ పదిహేనేళ్ళ పిల్ల కనిపించింది.

"అయిదింటికి రండి," అంది.

సాయంత్రం వాళ్ళు వెళ్ళేసరికి తమ్ముడు గుమ్మంలో పీట వేసుకుని టేబులు ఫ్యాను విప్పి, రెక్కలు తువ్వాలుతో తుడుస్తున్నాడు. గట్టి మనిషి. చేతుల మీది వెంట్రుకల్లో కూడా గ్రీజు నలుపు ఇంకిపోయి ఉంది. లోపల మరదలు కుట్టుమిషను మీద ఎవరివో కర్టెన్లు కుడుతోంది.

"ఎవరక్కా ఈవిడ?"

"ప్రెస్సు పని మీద వచ్చారురా."

పళ్ళ మేస్త్రి కూర్చోలేదు. అతన్నే చూస్తూ నిలబడింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదాల మీదికి నవ్వొచ్చింది, రెండూ ఒకేసారి.

"మీకోసం నేను ఎంత ఏడ్చానో తెలుసా అండీ!"

లోపల కుట్టుమిషను టక్కున ఆగింది. మరదలు కర్టెను భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరికోసం?"

"ఈయనకోసమేనండి. ముప్పై ఏళ్ళ కిందట."

"ఏమండీ," అంది మరదలు, భర్తను నెమ్మదిగా పిలుస్తూ. "ఎవరీవిడ?"

తమ్ముడి చేతిలోంచి ఫ్యాను రెక్క జారి కింద పడింది. "నాకు తెలీదే! నా మీద ఒట్టు, ఈవిణ్ణి ఇప్పుడే చూడ్డం!"

"తెలీకుండానే ముప్పై ఏళ్ళు ఏడుస్తుందా ఎవరైనా? వదినా, నువ్వే చెప్పు."

చెప్పక తప్పలేదు. ప్రూఫక్క సంచిలోంచి ప్రూఫు కాగితం తీసింది. పాఠం గురించీ, వాక్యాల గురించీ, లక్షన్నర మంది పిల్లల గురించీ తలొంచుకుని చెప్పింది. మరదలికి కోపం పోయి నోరు తెరుచుకుంది. తమ్ముడు మాత్రం కదల్లేదు. తువ్వాలు నోటి దగ్గరికి వెళ్ళింది.

"చదువు," అన్నాడు.

ఆమె ఇంగ్లీషులో చదివింది.

"తెలుగులో."

"నా తమ్ముడు రోజూ పొద్దున్న ఈల వేసేవాడు. ఇప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది."

ఆ మాట ఆ ఇంట్లో పైకి వినబడి ముప్పై ఒక్క ఏళ్ళయింది. వీధిలో ఎవరిదో సైకిలు బెల్లు మోగి వెళ్ళిపోయింది.

"ఇల్లు నిశ్శబ్దంగా ఉందని నాకెప్పుడూ చెప్పలేదేం అక్కా?"

"చెబితే నీకు కష్టంగా ఉంటుందని."

"మరి లక్షన్నర మందికి చెప్పావుగా."

"వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పానురా."

అతను తువ్వాలు వెనక నుంచి ఒక శబ్దం చేశాడు. ఏడుస్తున్నాడేమోనని ఆమె భయపడింది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడు.

"రెండోది ఏమిటి? డేర్ అని ఏదో చదివావు."

"డేర్డ్ నాట్." ఆమె గొంతు సగానికి పడిపోయింది. "పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళే ధైర్యం చెయ్యలేదు అని."

"అంటే నేను సూదికి భయపడ్డానని ఊరందరికీ తెలుసన్నమాట!"

"పరీక్షల్లో కూడా వచ్చిందండి," అంది పళ్ళ మేస్త్రి. "రెండు మార్కులు."

తమ్ముడు కాసేపు ఫ్యాను వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. తువ్వాలు తీసి మోకాలి మీద మడిచి పెట్టుకున్నాడు. "మార్కులు కూడా వేశాక ఇంక దాచుకునేదేముంది," అని, రెండు చేతులతో మీసం పైకెత్తి నోరు తెరిచాడు.

పళ్ళ మేస్త్రి సంచిలోంచి చిన్న టార్చి తీసింది. చూసింది చూసినట్టే చాలాసేపు చూసింది. ఇటు తిరగమంది, అటు తిరగమంది. ఏడుపు ఎప్పుడు పోయిందో, ఆమె మొహంలో ఇప్పుడున్నది పని.

"చిగుళ్ళు బంగారంలా ఉన్నాయి. రేపు పదింటికి రండి. డాక్టరు మెత్తటి ముద్ద పెట్టి కొలత తీస్తాడు, అంతే. సూది లేదు. పళ్ళు నేనే చేస్తాను."

"ఈల వస్తుందా?" అంది మరదలు. ఆమె కాపురానికి వచ్చేసరికే ఆ మీసం ఉంది. ఆ ఈల గురించి ఇరుగుపొరుగు చెప్పగా వినడమే తప్ప ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా విన్నది లేదు.

"పళ్ళ పూచీ నాది. ఈల పూచీ ఆయనది," అంది పళ్ళ మేస్త్రి.

మర్నాడు ప్రూఫక్క యజమాని బల్ల ముందు నిలబడింది. పెద్ద యజమాని కొడుకు, ఆమె చేతుల్లోనే అక్షరాలు దిద్దుకున్నవాడు.

"పద్నాలుగో పాఠం అచ్చుకి పంపొద్దయ్యా."

"ఏం అత్తా, తప్పేమైనా ఉందా?"

"ఇప్పటికైతే లేదు. తప్పయ్యేలా ఉంది."

యజమానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ముప్పై ఒక్క ఏళ్ళలో అత్త ఒక పాఠం ఆపమనడం ఇదే మొదలు. మిగతా పుస్తకమంతా అచ్చయి, మడతలు పడి, కుట్టుకి సిద్ధంగా గోడవారన పేరుకుంది. మూడు వారాలు చూశాడు. బళ్ళు తెరిచే రోజు దగ్గరపడుతోంది. "శనివారం దాటితే నా వల్ల కాదత్తా," అన్నాడు.

ఆ మూడు వారాలూ ఇంట్లో ఒకటే సందడి. పళ్ళు వచ్చాయి. తమ్ముడు మీసం కత్తిరించాడు. వీధిలో ఇద్దరు అతన్ని గుర్తుపట్టక, "వాళ్ళింటికి చుట్టాలొచ్చారా" అని మరదల్నే అడిగారు. కొత్త పళ్ళతో 'స' అంటే బుస్సుమనేది, 'ఫ' అంటే ఎదుటివాళ్ళు మొహం తుడుచుకునేవారు. ఈల మాత్రం రాలేదు. పెదాలు సున్నా చుట్టి ఊదితే వేడి టీ ఊదినట్టు గాలే వచ్చేది. పళ్ళ మేస్త్రి రెండుసార్లు వచ్చింది. పళ్ళు చేతిలోకి తీసుకుని, లోపలి అంచు వేలితో తడిమి, గీరి, నునుపు చేసి మళ్ళీ పెట్టింది. "నాలుకకి కొత్త ఇల్లు కదండీ, గదులు తెలియాలి," అంది. ప్రూఫక్క రోజూ పొద్దున్న జడ అల్లుకుంటూ చెవులు రిక్కించేది. వినబడేది గాలే. అయినా ఆ గాలి కూడా ఆమెకు బాగుండేది.

శనివారం పొద్దున్న వాన. తమ్ముడు నీళ్ళ గదిలో గడ్డం గీసుకుంటున్నాడు. మరదలు కుక్కరు పెట్టి కూరగాయలు తరుగుతోంది. రెండు కూతలొచ్చాయి. ఇంకొకటి సన్నగా, పొడుగ్గా, చివర వంపు తిరిగి వచ్చింది. మరదలు పొయ్యి కట్టేసింది.

కట్టేశాక కూడా కూత ఆగలేదు.

కత్తి చేత్తో పట్టుకునే వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ప్రూఫక్క సగం అల్లిన జడతో అవతలి గుమ్మంలోకి వచ్చింది. నీళ్ళ గది తలుపు వెనక ఈల ఒకచోట తడబడి, గాలిగా విరిగిపోయి, మళ్ళీ అందిపుచ్చుకుని పైకి లేచింది. వదినా మరదళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడిపోయారు.

"ఇదా," అంది మరదలు. "ఇదేనా వదినా?"

ఆ పూట అన్నం పలుకుగా ఉండిపోయింది. ముగ్గురూ అదే తిన్నారు. ఎవరూ వంక పెట్టలేదు. తమ్ముడు మాత్రం తింటూ తింటూ, "అక్కా, మరి నీ పుస్తకం తప్పయిపోయిందిగా ఇప్పుడు?" అన్నాడు, తువ్వాలు లేకుండా నవ్వుతూ.

బస్సు దిగి ప్రెస్సులోకి వచ్చేసరికి ఆమె చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. మిషను వెనక మూలలో గొడుగు తెరిచి ఆరబెట్టి, బల్ల దగ్గరికి వచ్చింది. పద్నాలుగో పాఠం తీసి, మొదటి రెండు వాక్యాల మీదా ఎర్ర గీత లాగింది. ఆ గీత వంకర పోకుండా స్కేలు పెట్టి లాగింది. మార్జిన్‌లో కొత్త వాక్యం రాసి, కంపోజరు ముందు పెట్టింది.

కంపోజరు కూడబలుక్కుని చదివాడు. "మై బ్రదర్ యూజ్డ్ టు బి సైలెంట్ ఇన్ ద మార్నింగ్స్." తెర వైపు తిరిగి టైపు చెయ్యబోతూ ఆగాడు. "అంటే ఇదివరకు పొద్దున్నపూట మాటా పలుకూ లేకుండా ఉండేవాడు అని కదా? ఇప్పుడు?"

"ఇప్పుడు సంగతి పిల్లలకి తెలుస్తుందిలే. యూజ్డ్ టు అంటే ఏమిటో టీచరు చెబుతుందిగా."

"డెంటిస్టు వాక్యాలో?"

"హి డేర్డ్ టు గో అని మార్చు. ఆట్ టుకి వేరేది రాశాను, కింద చూడు."

కంపోజరు కొట్టాడు. ఆమె స్కేలు పెట్టి చదివింది. కింది నుంచి పైకి ఇంకోసారి చదివింది. ఒక్క తప్పు లేదు. నమ్మకం కుదరక మూడోసారి చదివింది. కంపోజరు చేతులు కట్టుకుని కాలరెగరేసినట్టు కూర్చున్నాడు. ఆమె కాగితం అడుగున తేదీ వేసి, సంతకం చేసి, మిషను గదిలోకి తనే తీసుకెళ్ళి ఇచ్చింది. కాసేపటికి గ్లాసులో నీళ్ళు వణకడం మొదలుపెట్టాయి.

మధ్యాహ్నానికి వాన వెలిసింది. శనివారం సగం పూటే పని. ఇంటికి పోతూ బజారులో చేపలో, పాలకోవాయో, తమ్ముడికి ఇష్టమైనదేదో ఒకటి కొనుక్కుపోవాలని ఆమె తొందరలో ఉంది. మెట్లు దిగుతూ ఏదో కూనిరాగం తీస్తోందని యజమాని గమనించాడు. అలా ఆయన ఎప్పుడూ వినలేదు. ఆమె వీధి మలుపు తిరిగాక కంపోజరు మిషను గదిలోంచి కేకేశాడు.

"అక్క గొడుగు మర్చిపోయింది!"

"ఎండ కాస్తోందిగా. సోమవారం తీసుకుంటుందిలే," అన్నాడు యజమాని.

సోమవారం తొమ్మిదింటికి ఆమె రాలేదు. తొమ్మిదింబావుకి ఫోను మోగింది. కంపోజరు తీశాడు. తమ్ముడు మాట్లాడాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసిందని, నవ్వుతూ కబుర్లు చెప్పిందని, పేపరు చదువుతూ కాసేపు నడుం వాల్చిందని, టీకి లేపితే లేవలేదని చెప్పాడు. నిద్రలోనే పోయిందన్నాడట డాక్టరు. కొత్త పళ్ళతో ప్రతి అక్షరమూ స్పష్టంగా పలికింది. కంపోజరు "ఆఁ, ఆఁ" అంటూ విని, ఫోను పెట్టేసి, కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు.

యజమాని మిషను ఆపించడానికి లేచాడు. మళ్ళీ ఆగాడు. పద్నాలుగో పాఠం చివరి కాగితాలు అచ్చు పడుతున్నాయి. అవి పూర్తిగా పడనిచ్చి, అప్పుడు ఆపించి, అందరూ ఆమె ఇంటికి బయల్దేరారు.

తలుపులు మూసిన ప్రెస్సులో, మిషను వెనక మూలన, ఆమె గొడుగు తెరిచినది తెరిచినట్టే ఉంది. నల్లటి బట్ట ఎప్పుడో పొడిగా ఆరిపోయింది, ఊడిపోకుండా ఒక పుల్లకి ఆమె కట్టుకున్న తెల్ల దారం ముడి మాత్రం ఇంకా బిగువుగా ఉంది.